కుండలో బేస్

మా బాబాయి పాట ఎలా ఉందని ఎవర్నీ అడిగేవాడు కాదు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి స్పీకరు ముందు పెట్టించి, "గాలి తగిలిందా?" అనేవాడు. తగిలితే బేస్ ఉన్నట్టు.

ఎనభైల్లో, ప్రత్తిపాడులో సంగతి. టేప్‌రికార్డరుకి తగిలించడానికి టౌనుకెళ్లి బ్రాడీపేట బజారు నుంచి పెద్ద స్పీకరు తెచ్చాడు గాని, చెక్క పెట్టెకి డబ్బు చాల్లేదు. పిన్ని మంచినీళ్ల కుండ మూతికి స్పీకరు బిగించి, గాలి రావడానికి కుండకి ఓ పక్క చిల్లు పెట్టాడు. మోత మెత్తబడాలని ఇంట్లో ఉన్న గోతం ముక్క కుండ లోపల పరిచాడు.

ఈ పిచ్చి ఖర్చులేమిటని ఎప్పుడూ సణిగే వాళ్ల మామగారు ఆ పూటే దిగారు.

"మామయ్యగారూ, ఆ చిల్లు దగ్గర ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి."

ఆయన నమ్మకం లేక చిల్లు దగ్గర ఏకంగా మొహమే పెట్టారు. బాబాయి సౌండు పెంచాడు.

ఇక తుమ్ములే తుమ్ములు. ఆయనకి, మాకు, వాకిట్లో గేదెకి కూడా.

"అయ్యో, అది ఎండుమిరపకాయలు కూరి తొక్కిన గోతమండీ!" అంటూ వంటింట్లోంచి పిన్ని కేక పెట్టింది.

బాబాయి కళ్లు తుడుచుకుంటూ, మామగారిని గంపెడాశతో అడిగాడు: "గాలి తగిలిందాండీ?"

మొన్న మా ఇంట్లో ఖరీదైన స్పీకర్లు పెట్టించాను. పాట వినకముందే చెయ్యి పెట్టి చూశాను. గాలి బాగానే తగిలింది. తుమ్మే రాలేదు.