శనివారాల బురద, నెలల తరబడి గోలీలు

ఆ శనివారం జలపాతం దాకా ఎక్కలేకపోయాను. సగం దారిలో ఒక బండ మీద కూర్చుంటే మళ్ళీ లేవాలనిపించలేదు. ఎండలో ఉన్నా వణుకు. ముందు నడుస్తున్న మారిసెల్ వెనక్కి వచ్చి నా నుదురు పట్టుకుని చూసింది. ఆమె ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన టీచర్. ఇద్దరం థాయ్‌లాండ్ ఈశాన్యాన ఒక చిన్న ఊళ్ళో, ఒకే బడిలో ఇంగ్లీషు చెప్పేవాళ్ళం.

"నీకు జ్వరం. దిగిపోదాం," అంది.

"నిద్ర సరిపోలేదంతే," అన్నాను.

నాది మెదక్. ముప్ఫై ఒక్క ఏళ్ళు వచ్చేదాకా నా వారం ఎప్పుడూ ఒక్కటే: పొద్దున బడి, సాయంత్రం ట్యూషన్లు, ఆదివారం చర్చి. థాయ్‌లాండ్ వెళ్ళాకే మొదటిసారి శనివారం నాదయింది. అద్దె స్కూటర్ మీద బయలుదేరి వరిమళ్ళ గట్ల మీద నడిచేవాళ్ళం, గుహల్లోకి దూరేవాళ్ళం, వాగులో పడవ నడిపేవాళ్ళం. వానాకాలం చెప్పులు బురదలో కూరుకుపోతుంటే చేత పట్టుకుని ఉత్త కాళ్ళతో నడిచేదాన్ని. మడమలు పగిలి ఉండేవి. పట్టించుకోలేదు.

వారం తర్వాత సెలవులకు ఇంటికి వచ్చాను. చర్చి దగ్గర టైలరింగ్ షాపు నడిపే మా అక్క నన్ను చూడగానే, "గిట్ల చిక్కిపోయినవేందే?" అంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలిపోయింది.

మెదక్‌లో చూపించుకుంటే మొదట టైఫాయిడ్ మందులు ఇచ్చారు. తగ్గలేదు. దగ్గు మొదలైంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ. కఫం టెస్టులో ఏమీ రాలేదు కానీ, "ఎక్స్‌రే చూస్తే టీబీ లెక్కనే ఉందమ్మా," అని డాక్టరు గారు టీబీ మందు మొదలుపెట్టారు. షుగర్ ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఆయనను తప్పు పట్టను. విదేశంలో ఏం చేసేదానివని అడిగితే, "టీచర్‌ని" అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నదాన్ని నేనే.

మూడు వారాలైనా జ్వరం దిగలేదు. ఒక పొద్దున బాత్రూమ్ నుంచి మంచం దాకా నడవడానికి ఊపిరి చాలలేదు. అక్క షాపుకు తాళం వేసి, కారు మాట్లాడి నన్ను హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడ ఏ క్రిమి ఉందో తెలియడానికి బ్లడ్ కల్చర్‌కు రక్తం తీశారు. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తిలోనూ, ఎడమ పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్‌లోనూ చిన్న చిన్న చీముగడ్డలు కనిపించాయి. ఒక డాక్టరమ్మ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"బడిలో చెప్పేవారు, సరే. సెలవు రోజుల్లో ఏం చేసేవారు?"

అప్పటిదాకా నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. గుహలు, వాగులు, బురద అన్నీ చెప్పాను. చెబుతుంటే అక్క నోరు తెరిచి విన్నది. ఇవేవీ ఆమెకు తెలియవు.

రెండు రోజులకు రిపోర్ట్ వచ్చింది. "మెలియాయిడోసిస్," అంది డాక్టరమ్మ. "మట్టిలో, నీళ్ళలో ఉండే బ్యాక్టీరియా, చర్మం పగుళ్ళలోంచి ఒంట్లోకి పోతుంది. షుగర్ ఉన్నవాళ్ళను తొందరగా పట్టుకుంటుంది. మన దేశంలోనూ ఉంది, చాలాసార్లు టీబీ అనుకుంటారు. ముందు కొన్ని వారాలు నరంలోకి ఐవీ ఇంజెక్షన్లు. ఆ తర్వాత నెలల తరబడి టాబ్లెట్లు. బాగున్నట్టు అనిపించినా మానొద్దు."

నెల రోజులు ఆ వార్డులోనే ఉన్నాను. సూదికి నరాలు దొరకడం మానేశాయి. అక్క ఇంటి నుంచి జాకెట్లు తెచ్చుకుని నా మంచం పక్కన కూర్చుని హుక్కులు కుట్టేది.

ఇంటికి వచ్చాక పెద్ద పెద్ద గోలీలు, పూటపూటా. వేసుకున్న అరగంటకు కడుపులో తిప్పేది. అన్నం ఉడుకుతున్న వాసన వస్తే గదిలోంచి బయటికి పోయేదాన్ని. రెండో నెలకు జ్వరం లేదు, కాస్త ఒళ్ళు వచ్చింది. ఎప్పుడు వస్తావని థాయ్‌లాండ్ బడి వాళ్ళు అడుగుతున్నారు. ఒకరోజు గోలీని కాగితంలో చుట్టి పారేశాను. ఆ రోజు కడుపునిండా తిన్నాను. తర్వాత రోజూ అదే పని.

"గోలీలు ఏసుకున్నవా?" అని అక్క షాపుకు పోతూ అడిగేది.

"ఊఁ."

నెల తిరగకుండానే ఎడమ పక్కటెముకల కింద నొప్పి, మళ్ళీ ఆ వణుకు. మళ్ళీ అదే వార్డు.

"టాబ్లెట్లు సరిగ్గా వేసుకున్నారా?" డాక్టరమ్మ అడిగింది.

నేను నోరు తెరవకముందే అక్క చెప్పేసింది. "ఏసుకున్నది డాక్టరమ్మా. రోజూ నేనే అడిగిన గదా."

ఈ జబ్బు మొత్తంలో నాకు అన్నిటికంటే కష్టమైన నిమిషం అది. "లేదు. మానేశాను," అన్నాను.

డాక్టరమ్మ తిట్టలేదు. "కడుపులో తిప్పుతోందని చెబితే వాంతికి మందు ఇచ్చేవాళ్ళం, డోస్ చూసేవాళ్ళం. ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి," అంది.

అక్క లేచి వరండాలోకి పోయింది. చాలాసేపటికి ముఖం కడుక్కుని వచ్చింది. "నన్ను అబద్ధాలదాన్ని చేసినవ్," అంది. మర్నాడు పొద్దున ఇడ్లీ పొట్లం విప్పి నా ముందు పెట్టింది. "జర తిను. వాంతికొస్తే వస్తున్నదని చెప్పు. తిట్టుకుంటనైనా నీ పక్కన కూసుంట గానీ, దాచకు."

రెండో విడత మందులు పూర్తయి ఎనిమిది నెలలైంది. స్కాన్ శుభ్రంగా ఉంది. థాయ్‌లాండ్‌లో నా ఉద్యోగం వేరే వాళ్ళకు ఇచ్చేశారు. పొద్దున పూట ఇక్కడే నర్సింగ్ చదివే అమ్మాయిలకు స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతాను. మధ్యాహ్నానికి ఒళ్ళు సహకరించదు, పడుకోవాల్సిందే. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకుంటున్నాను. మారిసెల్ కొండల ఫోటోలు పంపుతుంటుంది. కొన్ని చూస్తాను, కొన్ని తెరవను. కాస్త నీరసం అనిపించినా థర్మామీటర్ పెట్టుకునే అలవాటు ఇంకా పోలేదు.

ఇది చదువుతున్నవారిలో ఎవరైనా నాలాగే నెలల తరబడి మందులు మింగుతుంటే వారికి ఒక్క మాట. మానేయాలనిపించే రోజు వస్తుంది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ రోజు గోలీ పారేసే ముందు మీ డాక్టరుకు ఫోన్ చేయండి. నేను చేయలేదు. చేసి ఉంటే, రెండోసారి ఆ మంచం ఎక్కే అవసరం ఉండేది కాదేమో.