మా తవిటయ్య బిగించిన మూత

మా మరిది తవిటయ్యకి పనికంటే ముందు పొగరు వచ్చింది. మా మామగారు అంకుడు కర్రతో కుంకుమ భరిణెలు చేసేవారు. తాడు లాగి తిప్పే తరిమెన మీద కర్రను లోపల తొలిచి, నీడలో నెలల తరబడి ఆరనిచ్చి, ఆ తర్వాతే మూత అమర్చేవారు. ఆరిన కర్ర ఇక ముడుచుకోదు. ఇంతే విద్య. అది కూడా ఈ మహానుభావుడి తలకెక్కలేదు.

ఆయన పోయాక తవిటయ్య తరిమెనకి కరెంటు మోటారు బిగించాడు. అది గిర్రున తిరుగుతుంటే తనే ఏదో సాధించినట్టు మురిసిపోయేవాడు. అవి స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. గాజువాకలో అక్కడి ఉద్యోగి భార్య మంగాయమ్మ, కూతురి పెళ్లిలో పేరంటాళ్లకి పంచడానికి భరిణెలు కావాలంది. పూర్ణా మార్కెట్లో మా సరుకు అమ్మే గురునాథరావు ఆ పని ఇతనికి అప్పజెప్పాడు.

"ఇవి బాగుంటే మీ నాయన సరుకు పెట్టిన ముందరి అర నీది. లేపోతే మళ్లీ నా కొట్టు మెట్టెక్కీకు" అన్నాడు.

తవిటయ్య పచ్చి కర్ర తెచ్చి, అదే రోజు తొలిచి, తిరిగే కర్రకి లక్క ఆనించి రంగు పట్టించి, మొగలాకుతో మెరుగు పెట్టి, మూతలు బిగించేశాడు.

"తడి ఆరలేదురా. మూతలు తీసి ఆరబెట్టు" అన్నాను.

"ఒదినా, నువ్వు కూర సూసుకో. మోటారొచ్చినాక ఆరబెట్టడమేటి?"

"మోటారు కర్రని తిప్పుతాది గానీ ఆరబెడతాదేట్రా?"

తవిటయ్య బీడీ ముట్టించాడు.

పెళ్లిలో మంగాయమ్మ, ముందే కుంకం నింపి ఉంచిన భరిణె తీసుకుని వియ్యపురాలికి బొట్టు పెట్టబోయింది. మూత రాలేదు. పక్కావిడ పట్టుకుంది, ఆవిడవల్లా కాలేదు. ఇంకోటి తెచ్చారు. అదీ అంతే. ఆరుతూ ముడుచుకున్న మూత భరిణె పీకని పట్టేసింది. వియ్యపురాలు నుదురు ముందుకు పెట్టి నిలబడే ఉంది.

"ఏవండీ, మీ ఊళ్లో కుంకానికి తాళం వేస్తారా?" అని అడిగింది.

తవిటయ్య జనాన్ని తోసుకొచ్చాడు. "ఇలాగియ్యండమ్మా. దానికి సెయ్యి తిరగాల."

చెయ్యి తిరిగింది. భరిణె నిలువునా చీలి, కుంకమంతా అతని ఇస్త్రీ చొక్కా మీద పడింది. వియ్యపురాలి బొట్టు ఈయనగారు ఒళ్లంతా పెట్టుకున్నాడు.

"కర్ర మంచిది కాదండి" అని గొణిగాడు.

భోజనానికొచ్చిన గురునాథరావు అక్కడే ఉన్నాడు. "మీ నాయన కూడా ఈ కర్రే సెక్కాడు" అని మాత్రం అన్నాడు. మర్నాడు ఆ అరలోకి వేరే ఊరి సరుకు వచ్చి కూర్చుంది.

ఇప్పుడు తవిటయ్య మద్దిలపాలెం బస్సు డిపో ఎదురుగా ప్లాస్టిక్ డబ్బాలు అమ్ముతున్నాడు. మొన్న అటు వెళితే, నన్ను గమనించకుండా ఎవరికో చూపిస్తున్నాడు. "సూడండమ్మా, మూత ఎంత సులువుగా వత్తందో."

ఆ మాట నిజమే. ఆ మూత అతను చేసింది కాదు.