పాలు కడిగితే పోయాయి

కరోనా పోయిన మరుసటి ఎండాకాలం. హవేలిఘనపూర్ దగ్గర ఒక చేనులో పెద్ద బండల కింద ఎప్పటిదో సమాధి బయటపడితే, మెదక్‌లో ఉన్న నన్ను తవ్వకానికి పిలిచారు. గుంతలో కూర్చుని ఎముకల మీది మట్టిని బ్రష్‌తో దులపడం నా పని. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇది నేనే రాస్తున్నాను.

చేను కిష్టమ్మది. పుర్రె కనబడ్డ మర్నాడు పొద్దున్నే వచ్చి దాని మీద పాలు పోసింది, పసుపు చల్లింది.

"మా చేన్ల పండుకున్న ముసల్ది అక్కా. ఉత్త చేతులతోని ఎట్ల జూడాలె?" అంది.

వద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

తవ్వకం నడిపించే సారు అందరి ముందు ఆమె మీద విరుచుకుపడ్డాడు. "కొల్లాజెన్ ఖరాబైతే కార్బన్ డేటింగ్ ఎట్ల జేస్తరు? అంతా నాశనం చేసినవ్."

కొల్లాజెన్ అంటే ఎముకను పట్టి ఉంచే జిగట పదార్థం. అందులో ఒక రకం కార్బన్ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి ల్యాబ్‌వాళ్లు వయసు చెబుతారు.

కిష్టమ్మ మళ్లీ గుంత దిక్కు రాలేదు. ఆమె చేనులోనే "ఎముకలకు పూజలు చేయరాదు" అని బోర్డు పాతారు. ముసలిదాన్ని చెడగొట్టిందని ఊరంతా ఆమెనే అన్నారు.

తర్వాతి వారం ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని, ఫొటోలో ఎముకలు మెరవాలని, సారు దగ్గరుండి వాటికి తెల్ల గ్లూ పూయించాడు.

"పాలకు గన్ని తిట్లు తిడితిరి, గిది పూయొచ్చునా సార్?" అని అడిగాను.

"నీ పని నువ్వు జూస్కో అమ్మా."

ఎముక ముక్కను ల్యాబ్‌కు పంపారు. కొన్ని నెలలకు, మేమింకా అక్కడే పనిలో ఉండగా, ఫోన్ వచ్చింది. సారు స్పీకర్ పెట్టాడు. "పాలూ పసుపూ పైపైనే ఉన్నాయండి, కడిగితే పోయాయి. గ్లూ మాత్రం లోపలికంతా ఇంకి, దాని కార్బన్ ఎముక కార్బన్‌తో కలిసిపోయింది. దీని వయసు చెప్పలేం."

"సరే" అని పెట్టేశాడు. అంతే. ఆ ఆడమనిషికి ఒక్క మాట చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. బోర్డూ తీయలేదు. నేనే పోయి చెప్పాను.

"అయితే ఏ కాలపామెనో ఇగ తెల్వదా?" అంది కిష్టమ్మ.

"తెల్వదు."

పొయ్యిలోంచి బొగ్గు తీసి నా చేతిలో పెట్టింది. "సదువు నేర్సినవ్ గదా అక్కా. గ్లూ పూయొద్దని గూడ గా బోర్డు మీద రాసిరా."

బొగ్గుతో పెద్దగా రాసొచ్చాను. సారు తుడిపించాడు.

ఇప్పుడు ఏ గుంతలో దిగినా మొదటి రోజే అడుగుతాను: ఎముకకు ఏది తగలకూడదో చేను వాళ్లను పిలిచి చెప్పండి, చెప్పింది మీరూ పాటించండి అని. కొందరు సార్లు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ. వాళ్లు జవాబు చెప్పేదాకా నేను బ్రష్ పట్టను.