చిన్నాన్న తొట్టెలో నేను పోసిన నీళ్ళు

నిన్న పొద్దున్న పిన్ని ఫోన్ చేసింది. "మీ చిన్నాన్న ఇక లేరురా" అంది.

ఆఫీసుకి బయలుదేరుతున్నవాణ్ణి, బండి తాళం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

చిన్నాన్న రాజమండ్రిలో జువాలజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడు. మూడేళ్ళ క్రితం స్ట్రోక్ వచ్చి కుడివైపు పడిపోయింది. లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు.

అంతే, మళ్ళీ కిందికి దిగలేదు.

ఆ గదిలో ఆయనకున్న కాలక్షేపం ఒక అక్వేరియం. అందులో చేపలు లేవు.

ఒకసారి ధవళేశ్వరం కాలువలోంచి గుర్రపుడెక్క తెమ్మంటే తెచ్చాను. వేళ్ళకి ఏదో జిగురు ముద్ద అంటుకుని ఉంది. గీకి పారేయబోతే అరిచినంత పని చేశాడు. బ్రయోజోవా అట. వందల ప్రాణులు ఒకే ముద్దగా బతుకుతాయట. దాన్ని తొట్టెలో వేయించి, లెన్స్ ఇచ్చి చూడమన్నాడు. ఒక్కోటీ సన్నటి మీసాలు విప్పి నీళ్ళలో తిండి ఏరుకుంటోంది. నేను అద్దం మీద వేలితో కొట్టగానే అన్నీ లోపలికి ముడుచుకుపోయాయి.

"ఇవీ నాలాగేరా. ఉన్నచోట నుంచి కదల్లేవు. తిండే వీటి దగ్గరికి రావాలి" అన్నాడు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు.

ఆ తిండి కాలువ నీళ్ళలోనే ఉంటుంది. అందుకని ప్రతి ఆదివారం ఒక క్యాన్ నీళ్ళు తేవడం నా డ్యూటీ అయింది. నిజం చెప్పాలంటే విసుగొచ్చింది. ఉన్నది ఒక్క సెలవు. మానేద్దామంటే ఆయన ముఖం గుర్తొచ్చేది.

నెల క్రితం, ఎండకి ఓపిక లేక, అపార్ట్‌మెంట్ కింద బోరు కుళాయి దగ్గరే క్యాన్ నింపేశాను.

"ఎక్కడ పట్టావురా?" అని అడిగాడు.

"కాలువలోనే చిన్నాన్నా" అన్నాను.

ఒకసారి అన్నాక బయటపడే దారి దొరకలేదు. తర్వాత మూడు ఆదివారాలూ అవే నీళ్ళు, అదే మాట. ముద్ద రంగు మారి వడిలిపోతోంది. ఆయన మాత్రం లెన్స్‌లోంచి చూసి "ఇవాళ బాగానే విచ్చుకున్నాయి" అనేవాడు. చూపు తగ్గిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అంత సిగ్గులేనివాణ్ణి.

నిన్న అందరూ వెళ్ళాక పిన్నికి చెప్పేసి ఏడ్చాను.

"ఆయనకి తెలుసురా. కాలువలు కట్టేశారు, చుక్క నీరు లేదని పేపర్లో చదివి నాకు చెప్పారు. వాణ్ణేమీ అడక్కు, సిగ్గుపడి రావడం మానేస్తాడు అన్నారు."

ఎండాకాలం కాలువలు కట్టేస్తారని మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేను అటు వెళ్తే కదా గుర్తుకు రావడానికి.

ఆయన తన ముద్ద చచ్చిపోతుంటే చూస్తూ ఊరుకున్నాడు, నేను ఆదివారం వస్తే చాలని.

సారీ చెప్పడానికి ఇప్పుడు మనిషి లేడు.

వెళ్ళిరా చిన్నాన్నా. నీ మనసుకి శాంతి దొరకాలి.