మూడో ఫోన్

నా ఫోన్ల పరాయి మనుషులు మొదటిసారి కనబడ్డది ఒక మధ్యాహ్నం, బ్లౌజుకు హుక్కులు కుడుతున్నప్పుడు. పాత ఫొటోలు గుర్తు చేసే మెసేజ్ ఒకటి వచ్చింది. మా ఆయన పోయి అప్పటికి ఏడాది నిండలే. ఆయనదే ఏదన్న వచ్చిందేమోనని ఆశగ తెరిచిన. రెండు జడలేసుకున్న పిల్ల, స్కూలు బట్టలల్ల, నీలం గోడకు ఆనుకొని నవ్వుతున్నది. ఆ పిల్లను నేనెప్పుడు చూడలే. ఆ గోడ మా ఇంటిది కాదు.

మానుకోటల మా ఇంటి ముందటి అర్రల మిషన్ పెట్టుకొని ఆడోళ్ల బట్టలు కుడుత. ఆ ఫోన్ మా ఆయన ఉన్నప్పుడు స్టేషన్ దిక్కు ఒక సెల్ దుకాణంల కొన్నం. "మెయిల్ ఐడీ ఉన్నదా అక్కా?" అని అడిగిండు దుకాణపాయన. లేదన్న. "నేను పెడ్త తియ్యి" అని ఆయనే అన్ని నొక్కి చేతికిచ్చిండు. "ఇగ ఫోన్ పోయినా మీ ఫొటోలు పోవు. క్లౌడ్‌ల భద్రంగ ఉంటయి."

"గది ఏడుంటది?" అని మా ఆయన అడిగితే ఏలుతోని పైకి చూపెట్టి నవ్విండు. మేము సుత నవ్వినం.

అప్పట్నుంచి కుట్టిన ప్రతి బ్లౌజుకు ఫొటో తీసిన. వెనుక మెడ సరిగ కూసున్నదో లేదో చూసెటందుకు, పరదా ఏసి, తొడుక్కున్నోళ్లకు సుత తీసిన. మా ఆయనకు కాలు పుండైనంక రోజు పొద్దున కట్టు విప్పి ఫొటో తీసి డాక్టరుకు పంపేది. ఆయన స్కూటరు మీద కూసున్నది, దవాఖాన మంచం మీద కండ్లు మూసుకున్నది, అన్ని దాంట్లనే. ఫోన్ నిండింది, జాగ ఖాళీ చెయ్యాల్నా అని అడిగితే సరే అని నొక్కేది. ఫొటోలు కనబడుతనే ఉండె. ఇగ రంది ఏముంటది?

జడల పిల్ల తర్వాత ఇంకా వచ్చినయి. నేను పెట్టని ముగ్గు. నోరు తెరుచుకొని పండుకున్న ఎవరో మగమనిషి. ఒకామె ఆధార్ కార్డు. చూడొద్దనుకుంటనే చూసేది, చూసినంక భయమయ్యేది. ఒక ఫొటోల కొత్త కిరాణం ముందు కొబ్బరికాయ కొడుతున్నరు. బోర్డు మీద బయ్యారం అని ఉన్నది, దాని కింద ఫోన్ నంబరు. రెండు రోజులు ఆలోచన చేసి, ఆ నంబరుకు చేసిన.

"ఎవరు?" అన్నది ఒకామె.

"మానుకోట నుంచి మాట్లాడుతున్న. నేను మీకు ఎరుక లేదు..."

"బట్టలు కుట్టే అక్కనా?" అన్నది.

"ఔను, నీకెట్ల ఎరుక?" అన్న.

"నీ ఫొటోలు నాకొస్తయక్కా. శాన రోజులాయె. ఫోన్ అంటే గిట్లనే వస్తయేమో అనుకున్న. ఎవల్ని అడగాలె? బావ పోయిండని సుత ఎరుకే. దండేసిన ఫొటో చూసి ఆ పూట అన్నం తినబుద్ధి కాలె."

తెల్లారి బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. నాకంటె చిన్నది, జడల పిల్ల తల్లి. ఆమె సుత స్టేషన్ దిక్కు ఆ సెల్ దుకాణంలనే ఫోన్ కొన్నదట. లోపలికి రాంగనే పరదా దిక్కు చూసి తలకాయ దించుకున్నది. మా ఇల్లు ఆమెకు కొత్త కాదు. దంతాలపల్లిల ఆన్‌లైన్ సెంటర్ నడిపే మా తమ్ముణ్ని పిలిపించిన. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకొని చూసిండు.

"ఒక్కటే అకౌంట్ అక్కా. ఆ దుకాణపాయన ఇద్దరికి ఒకటే పెట్టిండు. ఈ చెల్లె ఫొటోలు ఈ మధ్యనే దాంట్లకు ఎక్కుతున్నయి, గందుకే నీకు ఇప్పుడు కనబడ్డయి." ఇంకేదో నొక్కి ఆగిండు. "ఇద్దరికి కాదు. ముగ్గురికి."

మూడో ఫోన్ ఎవరిదో తెల్వదు. ఫొటోలన్ని మా రెండు ఫోన్లల్ల తీసినయే. మూడో దాంట్ల నుంచి ఒక్కటి సుత ఎక్కలే.

"మరి వాళ్లేం చేస్తరు?" అని అడిగింది బయ్యారం చెల్లె.

"చూస్తరు," అన్నడు తమ్ముడు. "ఇయ్యాల పొద్దుగాల సుత తెరిచిన్రు."

మేమిద్దరం ఒకళ్ల మొఖం ఒకళ్లు చూసుకున్నం. నాకు నా కస్టమర్ల వీపులు యాదికొచ్చినయి. ఆమెకు ఏం యాదికొచ్చిందో, కొంగు నోట్ల పెట్టుకున్నది.

ముగ్గురం స్టేషన్ దిక్కు పోయినం. సెల్ దుకాణం ఉన్నకాడ జ్యూస్ సెంటర్ ఉన్నది. పాతాయన ఎటు పోయిండో వాళ్లకు ఎరుక లేదు. ఆ మూడో ఫోన్ ఆయనదో, మా లెక్క ఇంకెవరిదో.

ఆడనే నిలబడి తమ్ముడు పాస్‌వర్డ్ మార్చబోయిండు. కోడ్ పంపినమని వచ్చింది గని మా ఇద్దరి ఫోన్లకు రాలె. అది పోయిన నంబరు చివరి అంకెలు మావి కావు. "తప్పు చేసిన అక్కా. వాళ్లకిప్పుడు ఎరుకైంది. సెంటర్‌కు పోయి, అన్నిటికంటె ముందు ఫొటోలు దింపుకోవాలె" అని రెండు ఫోన్లు తీస్కొని బండెక్కిండు.

తమ్ముడు దంతాలపల్లి చేరకముందే రెండు ఫోన్లల్ల అకౌంట్ బయటికొచ్చింది. మళ్ల లోపలికి పోదామంటే పాస్‌వర్డ్ తప్పు అన్నది, వాళ్లే మార్చిన్రు. జాగ ఖాళీ కావాల్నంటే నేను సరే సరే అని నొక్కిన కదా, నా ఫోన్ల ఒక్క ఫొటో లేదు, చెల్లెది సుత అంతే. కంపెనీకి చెప్పుకుందామంటే మనిషి గొంతు ఏడ దొరకలే. ఏది నొక్కినా అదే నంబరుకు కోడ్ పంపుతనంటది. పోలీసు ఠాణాల దరఖాస్తు తీసుకొని, చూస్తమన్నరు.

ఫొటోలు పోయినందుకు ఏడ్వాల్నా, పోకుండ ఇంకెవరి దగ్గరనో ఉన్నందుకు ఏడ్వాల్నా సమజ్ కాలె.

కస్టమర్లకు ఒక్కొక్కలకు చెప్పిన. కొందరు పానం కుదుటపరిచే మాటలే మాట్లాడిన్రు. ఒకామె కుట్టకుండ ఉన్న బట్ట సంచిల పెట్టుకొని పోయింది. మళ్ల రాలె. ఇంకొకామె తొవ్వల ఎదురైతే అటు దిక్కు నడుస్తది.

బయ్యారం చెల్లె అప్పుడప్పుడు ఫోన్ చేస్తది. "అక్కా, బావ ఇంటెనక ఉతికిన లుంగీ పిండుతున్న ఫొటో ఒకటి ఉండె గద, కోపంగ నీ దిక్కు చూస్తడు" అంటది. నేను మరిచిపోయినయి ఆమె చెప్తది. వాళ్ల బిడ్డ పన్ను ఊడినప్పటి నవ్వు నేను చెప్త. అట్ల ఒకళ్లయి ఒకళ్లం చెప్పుకుంటం.

మొన్న వానలు మొదలైనప్పుడు ఎరుక లేని నంబరు నుంచి ఒక ఫొటో వచ్చింది. మా ఆయన, స్కూటరు మీద. నవ్వుతున్నడు. మాట ఒక్కటి సుత రాయలే. ఎంటనే ఆ నంబరుకు చేసిన. స్విచ్చాఫ్. చెల్లెకు చేసి అడిగిన, నీకేమన్న వచ్చిందా అని. "నాకేం రాలె అక్కా," అన్నది. రానందుకు పానం నిమ్మలమైందో, బాధైందో, ఆ గొంతుల తెల్వలే.

మా ఆయన నవ్విన ఫొటో నా దగ్గర వేరేది లేదు. స్టూడియోల పెద్దగ తీయించి గోడకు పెట్టిన. చూసినోళ్లందరు మంచిగున్నదంటరు. నేను దాని ముందు ఎక్కువసేపు నిలబడలేను.

తమ్ముడు ఆ నంబరు బ్లాక్ చెయ్యమంటడు, పోలీసోళ్లకు ఇయ్యమంటడు. పోలీసోళ్లకైతే ఇచ్చిన. బ్లాక్ మాత్రం ఇంకా చెయ్యలే. దవాఖానకు పోయే ముందటి రోజు, మా ఆయన నా మిషన్ కాడ కూసోని దిగిన ఫొటో ఒకటుండె, అది ఇంకా రాలె.