తాళం తీసిన వార్త

ఆ రోజుల్లో పత్రికల్లో ఏదీ ఊరికే ఉండేది కాదు, జరిగేది. సభ జరిగేది, దొంగతనం జరిగేది, సన్మానం జరిగేది, సన్మానం అందనివారికి మనస్తాపం జరిగేది. ఆఖరికి వాన కూడా కురవడం మానేసి 'వర్షపాతము జరిగినది' అని గంభీరంగా దిగేది. ఇరవై రెండేళ్ల వయసులో సూళ్లూరుపేట నుంచి ఒక మద్రాసు పత్రికకు వార్తలు రాసే నేను ఆ ఒక్క క్రియతోనే ప్రపంచాన్నంతా నడిపించేవాణ్ని (జీతం లేదు గాని, నా నడక చూసి జనం నన్ను కలెక్టరనుకునేవారు).

మా వృత్తిలో ఒక గుట్టు ఉండేది. సభలేమో సాయంత్రం నాలుగింటికి, మద్రాసు రైలేమో మూడింటికి. కవరు ఆ రైల్లో పడితేనే వార్త మర్నాటి పత్రికలో పడుతుంది. అందుచేత సాయంత్రం జరగబోయేదాన్ని మేం మధ్యాహ్నమే జరిపించేసేవాళ్లం. వక్తల పేర్లు ఆహ్వానపత్రంలో ఉంటాయి, చప్పట్లు మనం వేసుకోవాలి.

ఒకసారి పులికాట్ ఉప్పునీటి సరస్సు ఒడ్డున, కుప్పం అని పిలిచే చేపలు పట్టేవాళ్ల పల్లెలో మంచినీళ్ల బావి ప్రారంభోత్సవం వచ్చింది. అక్కడి ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి నీళ్లు మోసేవాళ్లు. బావి తవ్వి నెలయినా, పెద్దాఫీసరు తెరిస్తేగాని ముట్టుకోకూడదని పంచాయతీ గుమాస్తా దానికి చెక్కమూత వేసి తాళం బిగించాడు. నేను యథాప్రకారం, 'ప్రారంభోత్సవము అతి వైభవముగా జరిగినది. వేలాది ప్రజల (కుప్పంలో మేకలతో కలిపి రెండు వందలు) హర్షధ్వానముల నడుమ అధికారిగారు నీటి ఆవశ్యకతను గూర్చి సుదీర్ఘముగా ప్రసంగించిరి' అని మొదలుపెట్టి, గుమాస్తాగారి వందన సమర్పణతో, ఆయన ఇంటిపేరుతో సహా ముగించి, కవరు రైలుకిచ్చి సైకిలెక్కి కుప్పం చేరాను.

నాలుగయింది, అయిదయింది. ఆఫీసరుగారి జీపు ఇసుకలో ఇరుసుదాకా దిగబడిందనీ, ఆయన వెనక్కి మళ్లిపోయారనీ కబురొచ్చింది. మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు. గుమాస్తా తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. సైకిలు మీద మద్రాసు రైలును పట్టుకోవచ్చా అని నేను నిజంగానే లెక్క వేశాను.

మర్నాడు పొద్దున కుప్పం పెద్ద, టీ అంగట్లో చదివించుకున్న పేపరుతో నా గది ముందు నిలబడ్డాడు. వెనక పాతికమంది ఆడవాళ్లు, ఖాళీ బిందెలతో (నా కళ్లకు పాతిక వేలమంది). నా విలేకరిగిరీ ఆ గుమ్మంలోనే ఊడిందనుకున్నాను.

"ఇది రాసింది నువ్వేనా అబ్బయా?"

"అంటే పెద్దాయనా... రైలు టయానికి..."

"రైలుతో నాకేం పని? అచ్చులో పడిందా, లేదా?"

"పడింది."

"అయితే నడువు. ఆ గుమాస్తాకి చదివి చెప్పు."

నిజం ఒప్పుకుంటే పత్రికలో సవరణ పడుతుంది, నా పని పోతుంది, బావి మూత బావి మీదే ఉంటుంది. వెళ్లి గొంతెత్తి చదివాను. గుమాస్తా ఎగిరిపడ్డాడు.

"నేనాడనే ఉండాను గదయ్యా! యాడ జరిగింది?"

"జరగలేదా? నువ్వు వందనాలు గూడా చెప్పినావంట గదా సామీ!" అంది ఒకావిడ బిందె చంక మార్చుకుంటూ.

గుమాస్తా పేపరు లాక్కున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన తన పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు. రెండుసార్లు చదువుకున్నాడు. గొంతు దిగింది.

"ఆఫీసరుగారు అడిగితే ఏం చెప్పేది?"

"ఆయన మాటలు జానెడు పొడుగున ఏసినారు. కాదంటాడా?" అన్నాడు పెద్ద.

గుమాస్తా బావి దగ్గరికి నడిచి తాళం తీశాడు. ఆ చెక్కమూత లేస్తుంటే పుట్టిన కేకల ముందు నేను రాసిన హర్షధ్వానాలు వెలవెలబోయాయి.

పది రోజుల తరువాత ఆఫీసరుగారి నుంచి నాకొక కార్డు వచ్చింది. తన ప్రసంగాన్ని ఒక్క ముక్క పొల్లుపోకుండా రాసినందుకు అభినందనలట! దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని నెలరోజులు తిరిగాడు ఇరవై రెండేళ్ల ఆ పిచ్చి కుర్రాడు. ఆ తరువాత బుద్ధిమంతుడై, ఎన్నో ఏళ్లు నిజంగా జరిగినవే రాశాడు. వాటివల్ల ఎవరి బిందె అయినా నిండిందేమో, నాకు మాత్రం గుర్తులేదు.