గుండు కింది చెలమ

దేవమ్మ ఆ గుట్టకు వచ్చేనాటికి జూబ్లీ హిల్స్‌లో ఇళ్లకంటే రాతి గుండ్లే ఎక్కువ. పాలమూరు దిక్కు నుంచి మొగుడి వెంట వచ్చి ఫిల్మ్ నగర్ పక్కన గుడిసె వేసుకుంది. అతను గుండ్లు పగలగొట్టేవాడు, ఆమె కంకర కొట్టేది. ఆ రాళ్లతోనే ఒక్కొక్క బంగళా లేచింది. మొగుడు దుమ్ము దగ్గుతో పోయాడు. పని మాత్రం తరగలేదు. బంగళాకో బోరు పడింది. బోర్లు లోతుకు దిగినకొద్దీ బస్తీ బావి అడుగంటింది. చివరికి, ఏనుగంత గుండు కింద చెలమ ఒక్కటే మిగిలింది. నడివేసవిలోనూ రాతి సందులోంచి నీరు ఊరేది. ముంతతో తోడుకుంటూ, ఊరేదాకా ఆగుతూ బిందె నింపుకోవాలి.

తొంభై రెండులో ఆ జాగాను ఒక సినిమా నిర్మాత కొన్నాడు. మేస్త్రీ ఆదినారాయణ వచ్చి గుండు మీద సున్నంతో గీత గీశాడు.

"సోమవారం భూమిపూజ. అవ్వగానే మందు పెట్టి లేపేస్తాం. కంకర పని నీకే దేవమ్మా."

"గుండు పేలిస్తే ఊట పోతది మేస్త్రీ. మా నోట్ల మన్ను పడ్డట్టే."

"నన్నేం చేయమంటావు? స్థలం వాళ్లది, రాయీ వాళ్లదే."

షూటింగులవాళ్లను దేవమ్మ ఏళ్లుగా చూస్తోంది. కెమెరాకు కొబ్బరికాయ కొడతారు, కారుకు నిమ్మకాయలు కడతారు, ఎవరైనా తుమ్మితే ఆగిపోతారు. దేవుడంటే అంత భయం ఉన్నవాళ్లను ఆమె ఇంకెక్కడా చూడలేదు. ఆదివారం పొద్దున గుండుకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, సందుల్లో వేపమండలు గుచ్చింది.

"ఎన్నడు ఎలిసిందత్తా పోచమ్మ?" కోడలు కిసుక్కున నవ్వింది.

"గిప్పుడే. నోర్మూస్కోని ఊదుబత్తి ముట్టియ్యి."

సోమవారం నిర్మాత భార్య సత్యలక్ష్మి కారు దిగి, గుండును చూస్తూనే చెప్పులు విడిచింది.

"అమ్మవారినా పేలుస్తానంటున్నావు? కళ్లు పోతాయయ్యా!" అని మేస్త్రీని కసిరి, దేవమ్మ వైపు తిరిగింది. "ఎప్పటినుంచి ఉందమ్మా తల్లి?"

"మా అత్తల కాలం నుంచమ్మా."

ఆ అత్తలెవరూ పాలమూరు దాటి రాలేదని తెలిసిన ఆదినారాయణ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"మా అదృష్టం! మా స్థలంలోనే వెలిసింది. గుడి కట్టిద్దాం. ఎవరూ మైల చెయ్యకుండా చుట్టూ ప్రహరీ పెట్టించండి."

గుండు బతికింది. ప్రహరీకి కంకర కొట్టింది దేవమ్మే. కొడుతున్నంతసేపూ గోడ ఎటు తిరుగుతుందోనని చూస్తూనే ఉంది. అది చెలమను కూడా లోపలికి కలుపుకుంది. చెలమ చుట్టూ పాలరాయి పరిచి కోనేరన్నారు. మీద ఇనుప జాలీ పెట్టి తాళం వేశారు. గేటు శుక్రవారం మాత్రమే తీస్తారు.

మొదటి శుక్రవారం దేవమ్మ ఖాళీ బిందెతో వెళ్లింది. వాచ్‌మన్ బిందెను బయటే పెట్టమన్నాడు. లోపల పట్టుచీర చుట్టుకుని గుండు కొత్తదానిలా ఉంది. పూజారి ఆమె అరచేతిలో ఉద్ధరిణెడు తీర్థం పోశాడు. తులసి వాసన వేసినా నీళ్లు ఆ నీళ్లే.

"ఇంకింత పొయ్యి అయ్యా."

"తీర్థమమ్మా అది. దాహానికి కాదు."

ఆమె చెయ్యి తల మీద తుడుచుకుని బయటికి వచ్చింది. గోడ నీడలో కూర్చున్న కోడలు తలెత్తింది.

"ఏమన్నదత్తా నీ పోచమ్మ?"

"నీళ్ల ట్యాంకర్ ఒచ్చే యాళ్లయింది, ఉరుకుండ్రి అన్నది," అని దేవమ్మ బిందె చంకన పెట్టుకుని గుట్ట దిగసాగింది.